తడి తువ్వాలు పట్టుకున్న మనిషి

రెండేళ్ళ కిందట నేనొక రివ్యూ రాశాను. మా ఆఫీసులో టెస్టింగ్ టీమ్‌లో ఉన్న ఒకమ్మాయి వీకెండ్లలో ఫైర్ షోలు చేస్తుంది. రెండు గొలుసుల చివర నిప్పు ముద్దలు కట్టి ఒంటి చుట్టూ తిప్పే ఆట, 'ఫైర్ పోయ్' అంటారు. హైదరాబాద్ శివార్లలో ఒక ఫామ్‌హౌస్‌లో మొదటిసారి చూసి, ఇంటికొచ్చి నిద్రపోకుండా రాసి, తెల్లారేసరికి ఫేస్‌బుక్‌లో పెట్టేశాను. 'ప్రాణాలతో చెలగాటం', 'చావు అంచున నాట్యం', 'భయమెరుగని దేహం' లాంటి మాటలు అందులో దండిగా ఉన్నాయి. చాలామందికి నచ్చింది. తనకీ నచ్చింది.

ఆ రివ్యూలో లేని మనిషి ఒకడున్నాడు. షో నడిచినంతసేపూ ఎడమ పక్కన, వెలుగు ఆగిపోయే చోట, కాస్త ముందుకు ఒంగి, తడిపి పిండిన నూలు తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డ కుర్రాడు. నేను చూళ్ళేదని కాదు. చూశాను, విసుక్కున్నాను కూడా. ఫోటోలకి అడ్డం పడుతున్నాడని.

నాలుగు నెలల తర్వాత ఒక రిసార్ట్‌లో కొత్త సంవత్సరం పార్టీకి తనని పిలిచారు. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద 'చావు అంచున నాట్యం' అని నా మాటే పెద్దక్షరాల్లో ఉంది. మురిసిపోయాను. వీడియో తీసేవాళ్ళకి ఫ్రేమ్‌లో తువ్వాలు మనిషి ఉండటం ఇష్టం లేదు. అతన్ని స్పీకర్ డబ్బాల వెనక్కి, ఇరవై అడుగుల అవతలికి పంపారు. డ్రెస్ కూడా వాళ్ళే ఇచ్చారు, తళుకుల సింథటిక్ చేతులున్నది. పన్నెండు దాటిపోతోందని తొందరపెట్టారు. వత్తుల్లో ఎక్కువైన నూనె విదిలించే టైమ్ కూడా ఇవ్వలేదు. రెండో నిమిషంలో ఒక చుక్క వచ్చి కుడి చేతి మీద పడింది.

జనం ఈలలు వేశారు. అదీ ఆటలో భాగమే అనుకున్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. నేను కూడా నా ఫోన్ వెంటనే దించలేదు. ఆ కుర్రాడు డబ్బాలు దాటుకుని వచ్చేసరికి ఐదారు సెకన్లు పట్టింది. పాలియెస్టర్ నూలులాగా కాలి బూడిదైపోదు, కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఇప్పుడు తన చేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా మచ్చ ఉంది.

తను నన్నేమీ అనలేదు. ఓ రోజు క్యాంటీన్‌లో మాత్రం అడిగింది. "నీ రివ్యూలో ఆ అబ్బాయి ఎందుకు లేడు? రాసేటప్పుడు గుర్తు రాలేదా, లేక రాస్తే బాగుండదనుకున్నావా?" రెండోదే నిజం. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి ఆలస్యంగా రాస్తున్న జవాబు.

*

కట్టు విప్పాక తను మళ్ళీ ప్రాక్టీసు మొదలుపెట్టింది. పాత కుర్రాడు బెంగళూరు వెళ్ళిపోయాడు. "నువ్వు నిలబడు, రాసినదానికి కొంత పని కూడా చెయ్యి," అంది. అట్లా నేను సేఫ్టీ అయ్యాను. వాళ్ళ భాషలో ఆ మనిషి పేరే అది. మూడు నెలలు నిప్పు లేకుండా, తర్వాత నిప్పుతో నేర్చుకున్నాను. నేర్చుకుంటుంటే తెలిసింది, ఈ ఆటకి ఛందస్సు లాంటిది ఒకటుందనీ, నేను అసలు లక్షణమే తెలియకుండా పద్యం మీద రివ్యూ రాశాననీ.

వత్తి కెవ్లార్‌ది. నూలుదైతే వత్తే కాలి, తునకలై ఎగురుతుంది. తాడుకి బదులు గొలుసు. ఇంధనం ఎప్పుడూ పెట్రోలు కాదు. పెట్రోలు మైనస్ నలభై డిగ్రీల దగ్గర కూడా అంటుకోగల ఆవిరిని వదులుతుంది. కిరసనాయిలుకి దాదాపు 38 డిగ్రీలు దాటాలి. మరి మన మే నెల సంగతేంటి? అందుకే ఎండాకాలంలో డబ్బాని పగలంతా నీడలో ఉంచుతాం. డబ్బా ఇనుముది, మూత బిగుసుకునేది. జనానికీ ఆటకీ దూరంగా, గాలి వచ్చే వైపున పెడతాం. అప్పుడు ఎగిరిన నిప్పురవ్వ డబ్బా మీదికి రాదు. వత్తిని ముంచి తీశాక పిండాలి, లేదంటే జనం లేని వైపు గట్టిగా విదిలించాలి. విదిలించకపోతే మొదటి చుట్టులోనే నిప్పు చుక్కలు చిమ్ముతాయి. వెలిగించేది డబ్బాకి దూరంగా, మూత పెట్టానని పైకి చెప్పాకే.

ఒంటి మీద నూలు గుడ్డలే. జుట్టు ముడేసి, తడిపి, పైన నూలు గుడ్డ కట్టాలి. చున్నీలు, కుచ్చులు, వేలాడేవేవీ ఉండకూడదు. వత్తి ఒకసారి ముంచితే మూడు నాలుగు నిమిషాలు మండుతుంది. పాదంలో ఎన్ని గణాలో ముందే తేలిపోయినట్టు, ఆట ఎంతసేపో అక్కడే తేలిపోతుంది. తను ఎప్పుడు వేగం పెంచుతుంది, ఎప్పుడు నెమ్మదిస్తుంది, చివర్లో నేల మీద ఎందుకు కూర్చుంటుంది, ఇదంతా మంట తగ్గే తీరుని బట్టి అల్లుకున్నది. నేనేమో దాన్ని 'ఆవేశపు ఉధృతి' అని రాశాను.

ఇక తువ్వాలు. మొదటి రోజు నేను కళ్ళార్పకుండా నిప్పునే చూస్తున్నాను. తను ఆట ఆపేసి చెప్పింది, "నిప్పుని చూడటానికి జనం ఉన్నారు. నువ్వు నన్ను చూడు." వెనక వీపు మీద అంటుకుంటే ఆడే మనిషికి తెలీదు. సేఫ్టీ అరవాలి. 'మంట', 'జాగ్రత్త' అని అరిస్తే ఉపయోగం లేదు. అంటుకున్న చోటు పేరు చెప్పాలి: 'వీపు', 'ఎడమ మోకాలు'. చిన్నదైతే తనే అరచేత్తో రాసి ఆర్పేస్తుంది. ఆరకపోతే నేను వెళ్ళాలి. తువ్వాలుతో కొట్టకూడదు, కొడితే గాలి తగిలి మంట రేగుతుంది. కప్పి, నొక్కి, గాలి ఆడకుండా చెయ్యాలి. ముఖానికి దూరంగా, పై నుంచి కిందికి. నేల మీద ఒలికిన నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు, పోస్తే నూనె తేలి మంట పాకుతుంది. దానికి పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కనే ఉంటుంది. చర్మం కాలితే ఇరవై నిమిషాలు కుళాయి కింద. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, అతుక్కున్న గుడ్డని పీకొద్దు. షోకి ముందు నేను మూడుసార్లు చూసేది కుళాయి ఎక్కడుందనే. జనం ఏ దారిలో బయటికి పోగలరు అన్నది తర్వాత.

ఇది తెలిశాక 'ప్రాణాలతో చెలగాటం' అన్న నా మాట వట్టి అజ్ఞానంలా కనిపించింది. తను చెలగాటం ఆడట్లేదు. ఆడకుండా ఉండటానికే అన్నేళ్ళ సాధన. నేను మెచ్చుకున్నది తన పనిలో లేనిదాన్ని. నా మెప్పు వల్ల ఆ లేనిదే ఫ్లెక్సీకెక్కింది.

*

ఈ తప్పు చేసిన మొదటి విమర్శకుణ్ణి నేను కాదు. పందొమ్మిదో శతాబ్దపు పారిస్‌లో ఎమ్మా లివ్రీ అనే బాలే నర్తకి ఉండేది. ఆ రోజుల్లో స్టేజీకి గ్యాస్ దీపాలు. నర్తకీమణులు వేసుకునేవి పొరలు పొరల పల్చటి మస్లిన్ గౌన్లు. అంటుకోవటం తరచూ జరిగేది. పటిక లాంటి లవణాల ద్రావణంలో ముంచితే గుడ్డ తొందరగా అంటుకోదని కార్తెరాన్ అనే ఆయన ఒక పద్ధతి తెచ్చాడు. 1859లో ప్రభుత్వం స్టేజీ గుడ్డలకి అది తప్పనిసరి చేసింది. అయితే ముంచిన గుడ్డ బిరుసెక్కేది, తెలుపు మాసినట్టుండేది. లివ్రీ వేసుకోనంది. తన పూచీ మీదే పాత గౌను వేసుకుంటానని రాసిచ్చింది.

1862 నవంబర్ 15న ఒక ఒపెరా రిహార్సల్లో గౌను అంచు దీపానికి తగిలింది. మంటలతో స్టేజీ అంతా పరిగెత్తింది. ఎనిమిది నెలలు మంచం మీద నరకం అనుభవించి 1863 జూలైలో చనిపోయింది. ఇరవై ఏళ్ళు. ఆ మంచం మీద కూడా, మళ్ళీ స్టేజీ ఎక్కితే ఆ బిరుసు గౌను వేసుకోననే అందట, అంత అందవిహీనమని.

ఈ కథని అందం కోసం ప్రాణమిచ్చిన కళాకారిణి కథగా చెబుతుంటారు. నాకు మాత్రం ఒకటే అనుమానం. బిరుసు గుడ్డ అందవిహీనమని ఆ పిల్లకి నేర్పిందెవరు? ముప్ఫై ఏళ్ళుగా పారిస్ పత్రికల్లో విమర్శకులు బాలేని మెచ్చుకుంటున్నది ఒకే మాటతో: బరువులేనితనం. నర్తకి మనిషి కాదు, పొగ, ఆత్మ, తెల్లని రెక్క. ఆ మెప్పుదలలో గుడ్డకి బరువుండే హక్కు లేదు. ఈ రాతల్లో అందరికంటే పెద్ద చెయ్యి తెయోఫిల్ గోతియేది. 'జిజెల్' బాలేకి కథ రాసినవాళ్ళలో ఒకడు, కవి, నిజంగా గొప్ప విమర్శకుడు. లివ్రీ అంతిమయాత్రలో తెల్లటి శవపేటిక మీద రెండు తెల్ల సీతాకోకచిలుకలు తిరిగాయని ఆయన రాశాడు. 1860లో లివ్రీకి పేరు తెచ్చిన బాలే 'ల పాపియ్యాఁ', అంటే సీతాకోకచిలుక. అందులో నాయిక రెక్కలు కాగడాకి తగిలి కాలతాయి. ఇంతకంటే పొందికైన ప్రతీక ఎవరికి దొరుకుతుంది?

దొరికిందే ఇబ్బంది. సీతాకోకచిలుక అనగానే దీపం తప్పు లేదు, గుడ్డ తప్పు లేదు, ఒపెరా హౌస్ తప్పు లేదు. రెక్కలున్నది దీపం దగ్గరికి పోకేం చేస్తుంది? ఒక పనిస్థలంలో జరిగిన ప్రమాదం కాస్తా విధి అయిపోయింది. గోతియే దుఃఖం అబద్ధమని నేననను. కానీ ఆ వాక్యం చదివినవాళ్ళకి కళ్ళు చెమరుస్తాయి, పటిక నీళ్ళ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

*

రిసార్ట్‌లో ఈలలు వేసినవాళ్ళని నేను చాన్నాళ్ళు తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టను. ప్రేక్షకుడి పని నమ్మటం. స్టేజీ మీద జరిగేదంతా ఆటే అన్న ఒప్పందం మీదే కదా టికెట్ కొన్నాడు. కీర్కెగార్డ్ 1843 నాటి 'ఐదర్/ఆర్'లో ఒక బుల్లి కథ చెబుతాడు. నాటకశాలలో తెర వెనక నిప్పంటుకుంటుంది. చెప్పటానికి విదూషకుడు ముందుకొస్తాడు. జనం అది హాస్యమనుకుని చప్పట్లు కొడతారు. అతను మళ్ళీ చెబుతాడు, ఇంకా గట్టిగా కొడతారు. లోకం ఇట్లాగే అంతమవుతుందేమో అని ముగిస్తాడు.

నూట అరవై ఏళ్ళ తర్వాత ఇది దాదాపు అట్లాగే జరిగింది. 2003 ఫిబ్రవరి 20 రాత్రి, అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 'ద స్టేషన్' అనే నైట్‌క్లబ్. గ్రేట్ వైట్ అనే రాక్ బ్యాండ్ మొదటి పాట ఎత్తుకోగానే స్టేజీ మీద చిచ్చుబుడ్ల లాంటివి వెలిగించారు. వెనక గోడకి శబ్దం బయటికి పోకుండా అతికించిన ఫోమ్ అంటుకుంది. చాలామంది అదీ షోలో భాగమే అనుకుని కొన్ని క్షణాలు చూస్తూ నిలబడ్డారు. లోపల మనిషి బతకలేని పరిస్థితి రావటానికి నిమిషంన్నర పట్టిందని తర్వాతి పరిశోధన తేల్చింది. బయటికి పోయే దారులు వేరే ఉన్నా, ఎక్కువమంది తాము వచ్చిన ముందు తలుపు వైపే తోసుకుపోయారు. వందమంది చనిపోయారు. ఇదంతా రికార్డయింది, ఎందుకంటే ఒక టీవీ కెమెరామన్ ఆ రాత్రి అక్కడే ఉన్నాడు. ఆయన వచ్చింది నైట్‌క్లబ్బుల్లో భద్రత గురించి కథనం కోసం.

నిప్పు ఆటకీ మిగతా కళలకీ తేడా ఇక్కడుంది. ఆ ఒప్పందం ఎప్పుడు రద్దయిందో ప్రేక్షకుడికి తెలీదు. అంతమందిలో దాన్ని నమ్మకుండా నిలబడటానికి ఒక్క మనిషి కావాలి. చప్పట్లు కొట్టనివాడు, లీనమైపోనివాడు. మా సాఫ్ట్‌వేర్‌లో రిలీజ్ రాత్రి అందరూ కేక్ కోస్తుంటే ఒకడు గ్రాఫుల వైపే చూస్తూ కూర్చుంటాడు, అట్లాంటివాడన్నమాట. సేఫ్టీ అంటే ఆటకి బయట ఉన్న కాపలావాడని అనుకునేవాణ్ణి. జనం నిశ్చింతగా నమ్మటానికి వాళ్ళ తరఫున నమ్మకుండా ఉండేవాడని ఇప్పుడనుకుంటున్నాను. అతను ఆటలో పాత్రే.

*

ఇదంతా పరాయి దేశపు గొడవ అనుకోనక్కర్లేదు. మన వీధి భాగవతాల్లో, కూచిపూడి భాగవతాల్లో కరెంటు రాకముందు కాగడాల వెలుగే దిక్కు. హిరణ్యకశిపుడో నరసింహుడో ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పొడి కొడతారు. భగ్గుమని మంట లేచి, ఆ వెలుగులో పాత్ర కనబడుతుంది. గుగ్గిలం చెట్టు బంక. ముద్దగా ఉంటే నిదానంగా కాలుతుంది. పొడి చేసి గాల్లోకి విసిరితే ప్రతి రేణువు చుట్టూ గాలి ఉంటుంది, అంతా ఒక్కసారే అంటుకుంటుంది. యూరప్ నాటకశాలల్లో లైకోపోడియం అనే పొడితో ఇదే చేశారు.

మా అమ్మమ్మ చిన్నప్పుడు ఊళ్ళో చూసింది. నరసింహుడి కేకకంటే తనకి బాగా గుర్తున్నది గుగ్గిలం కొట్టేవాడి తీరు. "గాలెటుందో చూసుకుని, వేషం జుట్టు అటు లేకుండా చూసుకుని, అప్పుడు కొట్టేవాడు. పిల్లలం ముందుకి జరిగితే కళ్ళతోనే వెనక్కి తోసేవాడు." గాలి, జుట్టు, జనం ఎంత దూరం: నేను మూడు నెలలు నేర్చుకున్న పాఠం ఆ మాటల్లో ఉంది.

ఆ మనిషి ఎవరు అనడిగాను. "ఎవరో, చాకలి వాళ్ళ అబ్బాయి," అంది అమ్మమ్మ. పేరు తెలీదు. నరసింహుడి వేషం కట్టినాయన పేరు, ఇంటిపేరు, ఆయన మనవలు ఇప్పుడెక్కడున్నదీ అన్నీ తెలుసు. చాలా ఊళ్ళల్లో దివిటీ పట్టటం చాకలి కుటుంబాల మీద పెట్టిన పని. పెళ్ళి ఊరేగింపుకైనా, దొరగారి రాత్రి ప్రయాణానికైనా, భాగవతానికైనా. చాలాచోట్ల కూలి లేని వెట్టి. తెలుగు నాటక కళ మీద నేను చదివిన వ్యాసాల్లో గుగ్గిలం గురించి ఉంది, 'అద్భుతమైన దృశ్య ప్రభావం' అని. ఎవరి చెయ్యి కాలితే ఆ ప్రభావం నేర్చుకున్నారో నాకెక్కడా కనబడలేదు.

నా రివ్యూ ఆ వరసలోనిదే. వెలుగులో ఉన్నవాళ్ళ గురించి రాయటం సులువు, వాక్యాలు వాటంతటవే వస్తాయి. వెలుగు పట్టుకున్నవాడి గురించి రాయాలంటే పని తెలియాలి. పని తెలియనప్పుడు మనం ధైర్యాన్ని పొగుడుతాం. పొగిడిన ధైర్యాన్ని ఎవరో కొనుక్కుంటారు. కొనుక్కున్నవాడు ఇంకొంచెం కావాలంటాడు: తువ్వాలు పక్కకి పెట్టమంటాడు, తళుకుల చేతులు తొడగమంటాడు.

ప్రమాదపు అంచు లేకపోతే ఫైర్ షోలో ఏముంటుంది, టార్చిలైట్లు తిప్పుకోవచ్చుగా అని ఒక మిత్రుడు వాదించాడు. నిజమే, వేడి ఉండాలి. ముందు వరసలో ముఖానికి తగిలే ఆ సెగ లేకపోతే నేనూ వెళ్ళను. కానీ కత్తిసాము చూసేటప్పుడు మనం కత్తి పదునుని మెచ్చుకోం, అది తగలని తీరుని మెచ్చుకుంటాం. నిప్పు విషయంలోనే ఎందుకో తెగిపడేదాని కోసం ఎదురుచూస్తాం.

*

పోయిన నెల ఒక చిన్న షో. ఎనభై మంది ఉంటారు. జనానికీ తనకీ మధ్య తాడు కట్టాం, నేల తడిపాం, నూలు చొక్కా, జీన్సు. నేను ఈసారి ఎడమ పక్కన, వెలుగు లోపలే నిలబడ్డాను. అక్కడ నిలబడితేనే షో, లేకపోతే లేదని తను ముందే రాయించుకుంది.

రెండో వత్తి సగంలో ఉండగా గాలి తిరిగింది. భుజం మీద గోరంత మంట. "ఎడమ భుజం," అన్నాను. గొలుసులు రెండూ ఎడమ చేతిలోకి మారాయి, కుడి చెయ్యి ఖాళీ అయింది. మెడ మీద నుంచి మోచేతి దాకా అరచెయ్యి నిదానంగా జారింది, చీర కొంగు సర్దుకున్నట్టు. మంట లేదు. గొలుసులు మళ్ళీ రెండు చేతుల్లో ఉన్నాయి. తువ్వాలుతో రెండడుగులు వేసినవాణ్ణి వెనక్కి వచ్చేశాను.

షో అయ్యాక కాలేజీ కుర్రాడొకడు వచ్చి, మధ్యలో భుజం మీద చెయ్యి జార్చే స్టెప్పు ఎంత బాగుందో, దాన్నేమంటారో అనడిగాడు. తను నా వైపు చూపించి, "ఆయన్నడుగు, ఆయన రాస్తాడు," అంది. కుర్రాడికి అరగంట చెప్పాను, వత్తి దగ్గర మొదలుపెట్టి. మధ్యలో రెండుసార్లు ఫోన్ చూసుకున్నాడు కానీ వెళ్ళలేదు. చివర్లో, వచ్చేసారి తువ్వాలు తను పట్టుకోవచ్చా అనడిగాడు. మూడు నెలలు పడుతుందన్నాను.